ముందుగా హెచ్చరించు అంకెలు

తెలుగు చెప్పు ఉపాధ్యాయులకు ఆసుపత్రి సంగతులతో నేమి పని యని పాఠకులలో కొందరు అడుగవచ్చును. పని కలదు. మన పాఠశాల ఒడిశా రాష్ట్రమున నున్నది. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమున. అచ్చట పల్లెలలో రోగియు, నర్సును, వైద్యుడును తరచుగా ఒకే భాష మాటలాడుదురు. ఇచ్చట మన యిండ్లలో తెలుగు, వీథిలో ఒడియా, మందుల చీటిపై ఇంగ్లీషు. ఇంట నెవరికైన జబ్బు చేసినపుడు తాతగారి మాటను వైద్యునకును, వైద్యుని మాటను తాతగారికిని చేరవేయువారు చాల యిండ్లలో మన విద్యార్థులే. కావున రోగి మంచము చెంత వ్రాసియుంచు అంకెల కర్థమేమో, అవి యెప్పుడు ప్రమాదమును సూచించునో విద్యార్థులును, వారి తల్లిదండ్రులును తెలిసికొనుట మంచిదని తలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. ప్రమాదము చెప్పియే వచ్చును

"నిన్నటివరకు బాగుగనే యుండెను, ఉన్నట్టుండి ప్రాణము పోయినది" అను మాట మనము తరచుగా వినుచుందుము. కొన్ని జబ్బులలో అది నిజమే. కాని ఆసుపత్రిలో చేరిన రోగుల విషయమున ఈ "ఉన్నట్టుండి" అనునది చాలవరకు మన చూపులోని లోపము. అమెరికాలోని మయామీ నగరమున వైద్యులు, ఆసుపత్రిలో నుండగా గుండె ఆగిన 64 మంది రోగుల కాగితములను పరిశీలించి, 1990లో తమ ఫలితములను ప్రకటించిరి. వారిలో నూటికి 84 మంది విషయమున గుండె ఆగుటకు ముందు 8 గంటలలోపలనే స్థితి క్షీణించుచున్నట్లు గాని, క్రొత్త బాధ తోచినట్లు గాని కాగితములలో వ్రాసియే యుండెను. గుర్తులు వ్రాయబడినవి, వానిని కలిపి చదువుట మాత్రము జరుగలేదు.

దీనికి కారణము శరీర ధర్మమున నున్నది. శరీరమున ఎక్కడనైన చెడు మొదలైనపుడు దేహము వెంటనే లొంగిపోదు. రక్తమున ప్రాణవాయువు తగ్గిన ఊపిరి వేగముగా తీసికొనును. రక్తము తగ్గిన గుండె వేగముగా కొట్టుకొనును. చేతులలోను కాళ్ళలోను రక్తనాళములు బిగిసి, ఉన్న రక్తమును మెదడునకును, గుండెకును మరలించును. ఇట్లు లోపల లోపల సరిదిద్దుకొనుచుండుటచే రక్తపుపోటు చాలసేపు మామూలుగనే యుండును. రోగి మాటలాడును, మంచినీళ్ళడుగును. సరిదిద్దుకొను శక్తి యుడిగిన పిమ్మట రక్తపుపోటు ఒక్కసారిగా పడిపోవును. అప్పుడు పరుగులెత్తుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే యగును. దేహము సరిదిద్దుకొనుచున్న ఆ కొద్ది గంటలలోనే గుర్తుపట్టుట ఎట్లు? ఇదియే ఈ పాఠమునకు మూలమైన ప్రశ్న.

2. పద్ధతి పుట్టుక

దేహస్థితిని అంకెలలో వ్రాయుట క్రొత్తది కాదు. జర్మనీదేశమున లైప్‌జిగ్ నగరమున ఆచార్యుడుగా నుండిన వుండర్‌లిష్ 1868లో జ్వరముల వేడిని గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను. ఇటలీదేశపు వైద్యుడు రీవా రోచీ 1896లో చేతికి పట్టీ చుట్టి రక్తపుపోటును కొలుచు సాధనమును తెచ్చెను. వ్రేలికి తగిలించి రక్తమున ప్రాణవాయువు శాతమును తెలుపు పల్స్ ఆక్సీమీటరునకు మూలమైన సూత్రమును జపాను దేశస్థుడైన తకువో అయొయాగి 1974లో వెల్లడించెను. కొలతలు ఇట్లు ఒక్కొక్కటిగా వచ్చినవి. అన్నిటిని ఒక చోట చేర్చి ఒక్క తీర్పు చెప్పు పద్ధతి మాత్రము పెద్దల విషయమున ఆలస్యముగా వచ్చినది.

ఇంగ్లండు తూర్పుతీరమున నున్న గ్రేట్ యార్మత్ పట్టణపు ఆసుపత్రిలో మోర్గన్, విలియమ్స్, రైట్ అను వారు 1997లో ఒక సులభమైన లెక్కను ప్రతిపాదించిరి. ఊపిరి, నాడి, రక్తపుపోటు, వేడి, తెలివి అను ఐదు గుర్తులను చూచి, మామూలుగా నున్న గుర్తునకు సున్నయు, మామూలునుండి తొలగినకొలది ఒకటి, రెండు, మూడు చొప్పునను మార్కులు వేసి, అన్నిటిని కూడుటయే ఆ లెక్క. దీనికి ఎర్లీ వార్నింగ్ స్కోర్ అని పేరు; మన భాషలో హెచ్చరిక మార్కు అని చెప్పుకొందము. పరీక్షలో మార్కులు పెరిగిన సంతోషింతుము. ఈ పరీక్షలో పెరిగిన భయపడవలెను. ఇచ్చట సున్న తెచ్చుకొన్నవాడే తరగతికి మొదటివాడు.

ఈ లెక్క ఉపయోగము తెలిసి, అనేక ఆసుపత్రులు ఎవరికి తోచిన మార్పులతో వారు దానిని వాడసాగిరి. మెట్రిక్ కొలతలు రాక పూర్వము మన యూళ్ళలో ఒక యూరి కుంచము వేరొక యూరి కుంచముతో సరిపోవకుండెడిది. అట్లే ఒక ఆసుపత్రిలో నేర్చిన నర్సు మరియొక ఆసుపత్రికి పోయిన, అచ్చటి పట్టిక మరల నేర్వవలసివచ్చెను. ఈ చిక్కును తీర్చుటకు లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అను వైద్యసంస్థ 2012లో దేశమంతటికి ఒకే పట్టికను తయారుచేసి, 2017లో దానిని సవరించెను. ఇప్పుడు బ్రిటనులో విరివిగా వాడుకలో నున్నది ఆ సవరించిన పట్టికయే. మనదేశమున కొన్ని ఆసుపత్రులు ఇట్టి పట్టికలను వాడుచున్నవి, అన్నిటను లేదు.

3. ఏడు గుర్తులు

2017 నాటి పట్టికలో ఏడు విషయము లున్నవి. వానికి మార్కులు వేయు విధమును క్రింద చూడుడు.

ఊపిరి, నిమిషమునకు: 12 నుండి 20 వరకు 0, 9 నుండి 11 వరకు 1, 21 నుండి 24 వరకు 2, 8 లేక అంతకు తక్కువ యైనను, 25 లేక అంతకు ఎక్కువ యైనను 3.

రక్తమున ప్రాణవాయువు, శాతము: 96 లేక అంతకు ఎక్కువ 0, 94, 95 అయిన 1, 92, 93 అయిన 2, 91 లేక అంతకు తక్కువ 3.

ఆక్సిజన్ పెట్టుట: మామూలు గాలితోనే యున్న 0; గొట్టముతో ఆక్సిజన్ ఇచ్చుచున్న 2.

రక్తపుపోటు, పై అంకె: 111 నుండి 219 వరకు 0, 101 నుండి 110 వరకు 1, 91 నుండి 100 వరకు 2, 90 లేక అంతకు తక్కువ యైనను, 220 లేక అంతకు ఎక్కువ యైనను 3.

నాడి, నిమిషమునకు: 51 నుండి 90 వరకు 0, 41 నుండి 50 వరకును, 91 నుండి 110 వరకును 1, 111 నుండి 130 వరకు 2, 40 లేక అంతకు తక్కువ యైనను, 131 లేక అంతకు ఎక్కువ యైనను 3.

తెలివి: మామూలు మెలకువతో నున్న 0, క్రొత్తగా తికమక కలిగినను, పిలిచిననే పలికినను, నొప్పి కలిగించిననే కదలినను, దేనికిని పలుకకున్నను 3.

వేడి, సెల్సియస్ డిగ్రీలలో: 36.1 నుండి 38.0 వరకు 0, 35.1 నుండి 36.0 వరకును, 38.1 నుండి 39.0 వరకును 1, 39.1 లేక అంతకు ఎక్కువ 2, 35.0 లేక అంతకు తక్కువ 3.

అన్నిటిలో హెచ్చు మార్కులే వచ్చిన మొత్తము 20 అగును. మామూలునకు ఇరువైపులను మార్కులుండుటను విద్యార్థులు గమనింపవలెను. జ్వరము వచ్చిననే జబ్బు అని మన యిండ్లలో తలంతురు. కాని తీవ్రమైన జబ్బున కొందరికి, ముఖ్యముగా వృద్ధులకు, ఒళ్ళు చల్లబడును. పట్టికలో మిక్కిలి చల్లదనమునకు 3, మిక్కిలి వేడికి 2 మాత్రమే యుండుట ఇందులకే.

4. ఒక ఉదాహరణము

మనము కల్పించుకొన్న ఒక రోగిని చూతము. వయస్సు 60. ఊపిరితిత్తులలో నిమ్ము చేరి ఆసుపత్రిలో నున్నాడు. ఆక్సిజన్ పెట్టలేదు. తెలివి బాగుగ నున్నది.

ఉదయము 6 గంటలకు ఊపిరి 18, ప్రాణవాయువు 96, రక్తపుపోటు 124, నాడి 88, వేడి 38.2. వేడికి మాత్రమే 1. మొత్తము 1.

10 గంటలకు ఊపిరి 21, ప్రాణవాయువు 95, రక్తపుపోటు 118, నాడి 96, వేడి 38.4. మార్కులు వరుసగా 2, 1, 0, 1, 1. మొత్తము 5.

మధ్యాహ్నము 2 గంటలకు ఊపిరి 24, ప్రాణవాయువు 93, రక్తపుపోటు 108, నాడి 112, వేడి 38.6. మార్కులు 2, 2, 1, 2, 1. మొత్తము 8.

10 గంటల అంకెలను విడివిడిగా చూచినవారు ఏమందురు? ఊపిరి మూడే పెరిగినది. ప్రాణవాయువు ఒక్కటే తగ్గినది. నాడి 96 యైన ఆందోళన యేల? రక్తపుపోటు శుభ్రముగ నున్నది. రోగి కాఫీ త్రాగి, ఇంటి సంగతు లడుగుచున్నాడు. విడివిడిగా చూచిన ఏ యొక్కటియు భయపెట్టదు. కూడి చూచిన మార్కు ఒకటినుండి ఐదునకు ఎగబ్రాకినది. 10 గంటలకే వైద్యుడు వచ్చి చూచిన మందు మార్చుటయో, ఆక్సిజన్ పెట్టుటయో జరిగి యుండెడిది. 2 గంటల వరకు ఎవరును చూడకున్నచో గోటితో పోవునది గొడ్డలి దాక వచ్చును. అప్పటికిని రక్తపుపోటు 108 మాత్రమే యనుట గమనింపుడు. బి.పి. బాగుగ నున్నదని ధైర్యపడి కూర్చుండరాదనుటకు ఇదియే తార్కాణము.

5. మార్కు వచ్చిన పిదప

మార్కు కాగితముపై నుండిన రోగికి లాభము లేదు. ఏ మార్కునకు ఎవరు, ఎంత త్వరగా రావలెనో ముందే నిర్ణయించుట ఈ పద్ధతికి ప్రాణము. బ్రిటనులోని నియమము ప్రకారము మొత్తము 0 అయిన 12 గంటల కొకమారైనను చూచిన చాలును. 1 నుండి 4 వరకైన 4 లేక 6 గంటల కొకమారు చూడవలెను. ఏ యొక్క గుర్తునకైనను 3 వచ్చినచో మొత్తము తక్కువైనను గంట కొకమారు చూచుచు వైద్యునకు తెలుపవలెను. 5 లేక 6 అయిన గంట కొకమారు చూచుటయే గాక వైద్యుడు త్వరగా వచ్చి పరీక్షింపవలెను. సెప్సిస్ అను ప్రమాదస్థితి యేమో యని ఆలోచింపవలెను. అనగా ఏదో యొక చోట చేరిన క్రిమిదోషమునకు శరీరము అదుపుతప్పి స్పందించి తన అవయవములనే చెరచుకొనుట. 7 లేక అంతకు మించిన క్షణమైనను విడువక కనిపెట్టి చూచుచు, తీవ్రచికిత్స తెలిసిన వైద్యబృందమును వెంటనే పిలువవలెను.

ఇందలి మరియొక మేలు కలదు. రాత్రివేళ ఒంటరిగా నున్న చిన్న నర్సు పెద్ద వైద్యుని నిద్ర లేపుటకు జంకును. "నాకేలనో బాగుండలే దనిపించుచున్నది" అని చెప్పుటకంటె "మార్కు 7" అని చెప్పుట ఆమెకు సులభము. వినువాడు త్రోసిపుచ్చుట కష్టము.

6. ఊపిరి లెక్కించుట

ఏడు గుర్తులలో ముందుగా మారునది తరచుగా ఊపిరి. అందరును అశ్రద్ధ చేయునదియు అదియే. నాడి, పోటు, ప్రాణవాయువు యంత్రము చూపును. ఊపిరిని సాధారణ వార్డులలో మనుష్యుడే కూర్చుండి లెక్కింపవలెను. ఒక రొమ్ము పొంగు, ఒక రొమ్ము తగ్గు కలిసి ఒక ఊపిరి. గడియారము చూచుచు నిండు నిమిషము లెక్కింపవలెను. లెక్కించుచున్నారని తెలిసిన రోగి ఊపిరి మార్చును. కావున అనుభవజ్ఞులు నాడి చూచునట్లు మణికట్టు పట్టుకొని, కన్ను మాత్రము రొమ్ముపై నుంతురు. ఈ విద్యకు సాధనము వలదు, ఖర్చు లేదు. విద్యార్థులు ఇంట పెద్దలు కూర్చున్నపుడు లెక్కించి అలవాటు చేసికొనవచ్చును.

వ్రేలి యంత్రమును గూర్చి ఒక మాట. వ్రేళ్ళు చల్లబడినను, గోళ్ళరంగు వేసినను అది తప్పు చూపవచ్చును. చామనచాయ, నలుపు చర్మము గలవారిలో ఉన్నదానికంటె కొంచెము ఎక్కువ చూపవచ్చునని ఇటీవలి పరిశోధనలు తెలిపినవి. కావున యంత్రము 96 చూపుచున్నను రోగి ఎగశ్వాస పెట్టుచున్నచో రోగినే నమ్మవలెను.

7. మార్కు చెప్పలేనివి

ఈ పట్టిక 16 ఏండ్లు నిండనివారికి పనికిరాదు. పిల్లల ఊపిరి, నాడి సహజముగనే వేగము. వారికి వేరు పట్టికలు కలవు. కనుక మన విద్యార్థులలో పెక్కుమందికి ఈ పట్టిక వర్తింపదు. వారి తాతగారికి, నాయనమ్మగారికి వర్తించును. గర్భిణులకును ఇది తగదు. ఊపిరితిత్తులు చిరకాలముగా చెడియున్న కొందరికి ప్రాణవాయువు 88 నుండి 92 వరకుండుటయే వైద్యుడు కోరునది. వారికై పట్టికలో వేరొక వరుస చేర్చిరి. గుండె వేగము తగ్గించు మందులు వాడువారి నాడి, ప్రమాదము వచ్చినను పెరుగకపోవచ్చును. నొప్పి యెంతయో, మూత్రము సరిగా వచ్చుచున్నదో లేదో ఈ మార్కునకు తెలియదు. కావుననే మార్కు తక్కువైనను, రోగి బాగుగ లేడని నర్సునకో వైద్యునకో తోచిన ఆ తోచుటయే చాలునని పట్టిక చేసినవారే చెప్పిరి. అంకె మనుష్యుని చూపునకు సాయము. చూపునకు బదులు కాదు.

8. తెలివి అను గుర్తు – మన భాష

ఇప్పుడు మన ప్రాంతమునకు ముఖ్యమైన సంగతికి వత్తుము. ఏడు గుర్తులలో ఆరు కొలతకు దొరకును. ఆ ఆరింటికి భాష లేదు. నాడి 112 అనునది ఒడియావానికైనను, తెలుగువానికైనను 112 యే. ఏడవదైన తెలివిని మాత్రము మాటలాడించియే తెలిసికొనవలెను. ఇదేయూరు, ఇప్పుడు పగలా రాత్రియా, వీరెవరు అని అడిగి, వచ్చిన జవాబునుబట్టి తేల్చవలెను. క్రొత్తగా కలిగిన తికమకకు 3 మార్కులు. అనగా అది యొక్కటే వైద్యుని పిలుచుటకు చాలును.

ఒడియా రాని మన ముదుసలిని నర్సు ఒడియాలో ప్రశ్నించిన నేమగును? రెండు విధముల పొరపాటు రావచ్చును. ఆమె జవాబు చెప్పకున్న తెలివి తప్పినదని తలపవచ్చును. ఇది కొంత మేలు. అనవసరముగా వైద్యుడు వచ్చును, అంతియే. రెండవ పొరపాటు ప్రాణము మీదికి తెచ్చును. ఆమె లేని మనుష్యులతో మాటలాడుచు, ఎప్పుడో పోయిన చెల్లెలిని పిలుచుచు పలవరించుచుండును. తెలుగు తెలియని నర్సునకు అది మామూలు సంభాషణవలె వినబడును. "అవ్వ తన భాషలో ఏదో చెప్పుచున్నది" అని సాగిపోవును. అది పలవరింత యని చెప్పగలవారు ఆ గదిలో ఒక్కరే. మంచము ప్రక్క నున్న మనుమడో, మనుమరాలో. ఆ క్షణమున ఆ పిల్లవాని తెలుగు వైద్యసాధనములలో నొకటి.

కావున ఇట్టి పనికి నిలిచిన విద్యార్థులు నాలుగు విషయములు మరువరాదు. మొదటిది, ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. వైద్యుడు విసుగుకొనునేమో యని తగ్గించుటయు, కంగారుతో పెంచుటయు కూడదు. రెండవది, మన యిండ్లలో "నలతగా నున్నది" అను మాటలో పది యర్థము లుండును. అది ఆయాసమా, గుండెదడయా, కండ్లు తిరుగుటయా, మగతయా యని ముందు పెద్దలను అడిగి తెలిసికొని, పిదప చెప్పవలెను. మూడవది, ఎప్పటినుండి యనునది చెప్పవలెను. నాలుగవది, నిన్నటికిని నేటికిని గల భేదము చెప్పవలెను. "మా అవ్వ నిన్న నన్ను పేరు పెట్టి పిలిచినది, ఈ ఉదయము గుర్తుపట్టలేదు" అను ఒక్క వాక్యము వైద్యునకు ఎంతయో తెలుపును.

మాటలు దొరకవని భయపడ నక్కరలేదు. జ్వరము, శ్వాస, నాడి అను మాటలు సంస్కృతమునుండి మనకును, ఒడియావారికిని సమముగా వచ్చినవే. ఆయాసమును వారు శ్వాసకష్టమందురు. ఉచ్చారణ కొంచెము మారును గాని వినువారికి తెలియును. రెండు భాషలు నేర్చుట బరువని వాపోవు విద్యార్థులు దీనిని తలచుకొందురుగాక.

9. తల్లిదండ్రులకు

2021లో మార్తా మిల్స్ అను 13 ఏండ్ల బాలిక సైకిలుపైనుండి పడి, కడుపులో దెబ్బ తగిలి, ఇంగ్లండులో ఆసుపత్రిలో నుండగా సెప్సిస్ వచ్చి మరణించెను. తల్లిదండ్రులు తమ ఆందోళనను తెలిపినను అది తగినట్లు పట్టించుకొనబడలేదు. ముందుగనే తీవ్రచికిత్సా విభాగమునకు మార్చియున్న ఆమె బహుశః బ్రతికియుండెడిదని 2022లో విచారణాధికారి తేల్చెను. ఆ తల్లిదండ్రుల కృషివలన 2024 నుండి ఇంగ్లండు ఆసుపత్రులలో దశలవారీగా ఆమె పేర నొక నియమము వచ్చినది. రోగి స్థితి చెడుచున్నదని కుటుంబమువారికి తోచి, చెప్పినను వినువారు లేకున్నచో, వేరొక వైద్యబృందమును వారే పిలిపించి చూపించుకొనవచ్చును. రోగిని నిత్యము ఎరిగినవారి మాటయు ఒక గుర్తే యని ఆ దేశము ఒప్పుకొన్నది.

మన ఆసుపత్రులన్నిట అట్టి నియమము లేదు. ఐనను వినయముగా, స్పష్టముగా అడుగుట కెవరి అనుమతియు వలదు. "ఊపిరి ఎంత యున్నది? ఉదయముకంటె పెరిగినదా? ఒక్కమారు డాక్టరుగారిని పిలుతురా?" ఈ మూడు ప్రశ్నలు చాలును. ఒకరికి చెప్పి ఫలము లేకున్న మరియొకరికి చెప్పుడు. కాగితముపై మీరే మార్కులు దిద్దుట గాని, మందులు మార్చుట గాని చేయవలదు. అది మన పని కాదు. ఇంట నున్న రోగికి ఎగశ్వాస గాని, క్రొత్తగా పలవరింత గాని, లేపిన లేవని మగత గాని కనిపించిన తెల్లవారునందాక వేచియుండక 108కు ఫోను చేయుడు. చదువురాని మన పెద్దలు పిల్లలను బడికి పంపినది ఇట్టి వేళ తమకు నోరగుదురనియే గదా.

అభ్యాసము

1. 70 ఏండ్ల స్త్రీకి ఊపిరి 22, ప్రాణవాయువు 94, ఆక్సిజన్ ఇచ్చుచున్నారు, రక్తపుపోటు 104, నాడి 104, వేడి 38.0, తెలివి మామూలు. మొత్తము మార్కెంత? ఏమి చేయవలెను?

2. ఇంటి థర్మామీటరు 102 ఫారన్‌హీటు డిగ్రీలు చూపినది. సెల్సియసులోనికి మార్చి మార్కు వేయుడు.

3. ఒక రోగికి ఊపిరి 26. తక్కిన ఆరు గుర్తులును మామూలు. మొత్తము 3 మాత్రమే. ఐనను వైద్యునకు ఏల తెలుపవలెను?

4. "అమ్మమ్మకు నలతగా నున్నది" అను వాక్యమును వైద్యునకు ఉపయోగపడునట్లు తెలుగున మూడు వాక్యములుగా విరిచి వ్రాసి, పిదప ఒడియాలో చెప్పుడు.

మొదటి రెండింటికి జవాబులు: 1. మార్కు 7, వైద్యబృందమును వెంటనే పిలువవలెను. 2. 38.9, మార్కు 1. మూడవదానికి జవాబు పాఠముననే కలదు. నాలుగవదానిని తరగతిలో మాకు చూపవలెను.